జాడీ, పాకెట్టు: పచ్చళ్ళ పంపకంలో సాంఘిక చరిత్ర

ఆవకాయను పొగిడినంతగా తెలుగువాళ్ళు మరే వంటకాన్నీ పొగిడి వుండరు. వేడి అన్నం, కమ్మని నెయ్యి, ఎర్రటి ఊట, నోరూరటం - ఇవన్నీ మన పద్యాలలోనూ వ్యాసాలలోనూ అరిగిపోయిన మాటలు. అయితే ఆ జాడీ మూత ఎవరు తీసేవారు, గరిటె ఎవరి చేతిలో వుండేది, ఆ గరిటె ఎవరి విస్తట్లోకి వంగేది, ఎవరి ఆకులోకి మూరెడు ఎత్తునుంచి విదిలించేది అన్న ప్రశ్నలు మాత్రం ఈ రచనలలో దాదాపు కనిపించవు. రుచిని వర్ణించినవారు పంపకాన్ని గురించి మాట్లాడలేదు. ఈ వ్యాసంలో నేను పంపకాన్ని గురించే మాట్లాడదలచాను.

ఈ ఆలోచనకు కారణం చిన్న సంఘటన. విజయవాడలో ఏ మెస్సుకు వెళ్ళినా బల్ల మీద స్టీలు గిన్నెలలో ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, పక్కనే గరిటెలు వుంటాయి. కూర్చున్నవాడు తనకు కావలసినంత వేసుకుంటాడు, గిన్నెను పక్కవాడి ముందుకు జరుపుతాడు. అదే వూళ్ళో రైలెక్కి భోజనం తెప్పించుకుంటే పచ్చడి ఒక చిన్న పాకెట్టులో వస్తుంది. 2020లో కోవిడ్ వచ్చిన తర్వాత నేను తినే మెస్సులో కూడా గిన్నెలు మాయమై, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క పాకెట్టు ప్రత్యక్షమైంది. భయం తగ్గాక గిన్నెలు తిరిగి వచ్చినవి. ఆ మధ్యకాలంలో అక్కడ తినేవాళ్ళు రెండు పక్షాలుగా చీలిపోయి వాదించుకోవటం విన్నాను.

ఒక పక్షం వారి వాదం శుభ్రత. పదిమంది ముట్టుకున్న గరిటెను మళ్ళీ ముట్టుకోవటం అనాగరికమని, పాకెట్టే నాగరికమని వారన్నారు. రెండో పక్షం వారి వాదం సంప్రదాయం. మన పెద్దలు ఒకే జాడీలోది అందరూ పంచుకు తిన్నారని, పాకెట్టు వచ్చి ఆ కలివిడితనాన్ని చంపిందని వారన్నారు. నాకు ఈ రెండు వాదాలూ తృప్తి కలిగించలేదు. మొదటివారు శుభ్రత అనే మాటకు మన దేశంలో ఎంత మురికి చరిత్ర వున్నదో మరిచిపోయారు. రెండోవారు "అందరూ" అనే మాటలో ఎవరెవరు లేరో మరిచిపోయారు.

ముందుగా జాడీని చూద్దాం. దాని సంగతి తెలియకుండా దాని చుట్టూ అల్లిన ఆచారాల సంగతి తెలియదు.

ఆవకాయకు ఆ పేరు ఆవాల వల్ల వచ్చింది. పుల్లని, పీచు గల, గట్టి మామిడికాయను టెంకతో సహా ముక్కలు కొట్టి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, కారం, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమపాళ్ళలో కలిపి, నువ్వుల నూనె పోసి జాడీకి ఎత్తుతారు. మూడోనాడు తిరగకలుపుతారు. ముక్కలపైన వేలెడు నూనె తేలాలి. ఇందులో ప్రతి పనికీ భౌతికమైన కారణం వున్నది. ఉప్పు ముక్కలోని నీటిని లాగి, బూజుకూ సూక్ష్మజీవులకూ అందకుండా చేస్తుంది. మామిడి పులుపు వాటిని ఎదగనివ్వదు. ఆవఘాటుకు కూడా సూక్ష్మజీవులను అణచే శక్తి వున్నది. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. ఇన్ని కాపలాలున్న ఆ కోటకు ఒకే ఒక శత్రువు - తడి. తడి చెయ్యో తడి గరిటో తగిలిన చోట ఉప్పు పలచబడి, బూజుకు దారి దొరుకుతుంది. కనక "జాడీలో తడి గరిటె పెట్టవద్దు" అన్న మాట అనుభవం నేర్పిన శాస్త్రం. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు.

ఈ ఆవకాయ అనాదికాలం నాటిది కూడా కాదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు ఓడలతో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కారం మిరియాలదే. మిరపకాయ అన్న పేరే మిరియాన్ని బట్టి వచ్చింది. కాబట్టి ఈనాటి ఎర్రటి ఆవకాయ వయస్సును ఎంత సాగదీసినా నాలుగైదు వందల ఏళ్ళు దాటదు. సముద్రం దాటి వచ్చిన మిరపను జాడీలోకి రానిచ్చిన ఆచారం, ఆ మిరపను పండించిన కూలివాణ్ణి మాత్రం జాడీ దగ్గరకు రానివ్వలేదు!

ఇక జాడీ ఆర్థిక స్వరూపం. నూజివీడు వైపు తోటల కాయ, గుంటూరు సీమ మిరప, తీరంలోని మళ్ళ ఉప్పు, గానుగ నూనె - ఇవన్నీ వేసవిలో రెండుమూడు వారాలలోపల ఒకేసారి కొనాలి, ఏడాది పొడుగునా తినాలి. అంటే జాడీ కేవలం పాత్ర కాదు, అది మదుపు. పన్నెండు నెలల కూరాకు ఖర్చును ఒక్క నెలలో పెట్టగలవాడికే జాడీ వుంటుంది. వంద ఏళ్ళ కిందట ఆ ఉప్పు మీద కూడా సర్కారు పన్ను పడేది. 1923లో ఆ పన్నును రెట్టింపు చేశారు. 1930లో గాంధీజీ ఉప్పునే సమరానికి సాధనంగా ఎంచుకోవటంలో ఔచిత్యం ఇక్కడ వున్నది. కూరలేని కూలివాడికి కూడా గంజిలో ఉప్పు తప్పదు. 1947లో గాని ఆ పన్ను పోలేదు.

కృష్ణా డెల్టాలో ఈ జాడీ ఎవరి ఇంట్లో పెరిగిందో చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ శ్మశానమైంది. అటు తర్వాత, ఆర్థర్ కాటన్ ప్రణాళికను అనుసరించి బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలవలు పారినవి. మెట్ట మాగాణి అయింది. భూమి విలువ పెరిగింది. బియ్యం ఎగుమతితో నిలకడగా మిగులు చూసే రైతువర్గం ఒకటి పుట్టింది. ఆ వర్గం ఇళ్ళలో గాదెలు నిండినట్టే జాడీలూ నిండినవి. ఆ మాగాణిని ఊడ్చి, కోసి, నూర్చిన చేతులు మాత్రం చాలావరకు భూమిలేని మాలమాదిగలవి. పాలేరుకు ఏడాది జీతం ధాన్యం రూపంలో, కూలీకి ఏనాటి కూలి ఆనాడు. ఏనాటిది ఆనాడు తెచ్చుకునేవాడు ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టుకోలేడు. కాబట్టి మధ్యాహ్నం చద్దన్నంలో నంజుకునే బద్ద కోసం అతడు జాడీ వున్న ఇంటి పెరట్లోకి వచ్చి నిలబడవలసిందే. "పంచుకు తిన్నారు" అని మనం మురిసిపోయే పంపకం ఇది. పంపకమే, కాదనను. దాన్ని పెట్టేవాడొకడు, పట్టేవాడొకడు.

ఇప్పుడు ఆ జాడీ చుట్టూ వున్న రెండో కట్టుబాటు సంగతి. మొదటిది తడి, రెండోది మైల. ఈ రెండింటినీ మన ఇళ్ళలో ఒకే గొంతుతో, ఒకే వాక్యంలో చెప్పేవారు: "తడి తగలరాదు, మైల తగలరాదు." తడి తగిలితే బూజు పట్టటం కంటికి కనిపించే నిజం. ఆ నిజం పక్కన కూర్చోబెట్టటంతో మైలకు కూడా నిజం హోదా వచ్చింది. మూఢాచారం బతికేది అబద్ధం మీదే కాదు. పక్కనున్న నిజం దగ్గర అరువు తెచ్చుకున్న పరపతి మీద కూడా బతుకుతుంది. నేను దీన్ని పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా ఇంట్లోనే చూశాను.

మాది బందరు కాలవ కింద ఒక వూరు. పాలేళ్ళను పెట్టుకుని సేద్యం చేసే కుటుంబం. 1960 తర్వాతి మాట. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మా ఇంట్లో ఆవకాయ జాడీలు రెండు రకాలు. లోపలి గదిలోవి మాకు. వసారా మూల వున్నది పాలేళ్ళకు. అందులో నూనె తక్కువ, ఉప్పు ఎక్కువ, చివరికి మిగిలిన మెత్తకాయ. ఒకనాటి మధ్యాహ్నం అమ్మ మడి కట్టుకుని వంటింట్లో వుండి, సావిట్లో అన్నాలకు కూర్చున్నవాళ్ళకు పచ్చడి వెయ్యమని నన్ను పంపింది. వసారా జాడీ అడుగంటింది. నేను లోపలి గదిలోకి వెళ్ళి పెద్ద జాడీని గడప దాకా ఈడ్చుకొచ్చాను. బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని నేరుగా వచ్చినవాణ్ణి. నా చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి. గరిటె జారిపోతున్నది. గడప అవతల మా పాలేరు కొడుకు నిలబడి వున్నాడు, నా యీడువాడే. "ఇటివ్వు బాబూ, నే తీస్తా" అన్నాడు. ఇచ్చాను. వాడు తన పొడిచేత్తో గరిటె ముంచి, చుక్క ఒలకకుండా ఆకులో వేశాడు.

అది మా నాయనమ్మ చూసింది. ఆ తర్వాత ఇంట్లో జరిగిన గొడవ అంతా చెప్పను. "ఒరేయ్, వాడి చేతికి గరిటె ఎట్లా ఇచ్చావురా!" అన్న అరుపు, వాళ్ళ నాన్న సావిట్లోనుంచి లేచి వచ్చి అందరి ఎదుటా వాణ్ణి కొట్టటం - ఈ రెండూ చాలు. కొట్టింది మేము కాదు. మేము కొట్టవలసిన అవసరం లేకుండానే ఆ వ్యవస్థ నడిచేది. నా తడిచేతుల సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

జాడీలో ముప్పాతిక భాగం మంచి ఆవకాయ వున్నది. పారబోయటానికి ఎవరికీ మనసొప్పలేదు. నాయనమ్మ తీర్పు చెప్పింది: ఇక అది పాలేళ్ళ జాడీ. అది లోపలి గదిలోనుంచి వసారా మూలకు వచ్చింది. ఆ సంవత్సరం మా పాలేళ్ళు మొదటిసారిగా మేం తినే ఆవకాయ తిన్నారు. మళ్ళీ కొత్తకాయ దిగేదాకా ఆ జాడీలో బూజన్నది పుట్టలేదు. బూజు పట్టవలసి వస్తే నా తడిచేతివల్ల పట్టాలి గాని, వాడి పొడిచేతివల్ల కాదు. ఈ సంగతి నాకు అర్థం కావటానికి చాలా ఏళ్ళు పట్టింది. వాడికి, బహుశా, ఆనాడే అర్థమై వుంటుంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ జాడీని పెట్టిన మా అమ్మ, నెలలో మూడు రోజులు దాన్ని ముట్టుకోరాదు. ముట్టుకుంటే పచ్చడి చెడుతుందనేవారు. కాయలు కొట్టించటం, తుడవటం, దంచటం, కలపటం ఆడవాళ్ళది. మైల నింద కూడా ఆడవాళ్ళదే. శ్రమ చేసిన చేతినే అపవిత్రమనటం మన సమాజానికి అలవాటైన విద్య. పొలంలో కూలివాడికీ, వంటింట్లో స్త్రీకీ జాడీ దగ్గర జరిగిన అవమానం ఒకే వేరునుంచి మొలిచింది.

ఈ కథ ఇంట్లోనే ఆగలేదు. రైలుతోపాటు హోటలు వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలువంతెన పూర్తయి బెజవాడ పెద్ద కూడలి అయింది. ప్రయాణికులకు, కోర్టుపక్షులకు, సరుకు కొనేవాళ్ళకు బయట తిండి కావలసి వచ్చింది. హోటలనేది డబ్బిచ్చినవాడికల్లా అన్నం పెట్టే చోటు. ఆ లెక్కన అది కులానికి విరుద్ధమైన సంస్థ. కాని కులం హోటల్లోకి కూడా వచ్చి కూర్చున్నది. "బ్రాహ్మణ హోటలు" అన్న బోర్డులు, లోపల బ్రాహ్మణులకు వేరే గది, దళితుడికి అసలు ప్రవేశమే లేకపోవటం, స్టేషన్లలో హిందువుల నీళ్ళు, ముస్లిముల నీళ్ళు - ఇదీ ఆనాటి పరిస్థితి. మద్రాసు రాష్ట్రపు రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణులకూ ఇతరులకూ వేరుగా వున్న ఏర్పాటు, పెరియార్ ఉద్యమం ఫలితంగా 1941లో గాని పోలేదు.

ఈ గోడలను పడగొట్టటానికి మన జిల్లాలోనే ప్రయత్నాలు జరిగినవి. గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని బెజవాడ పక్కన పటమటకు తెచ్చారు. సహపంక్తి భోజనాలు ఆయన కార్యక్రమంలో ముఖ్యభాగం. అన్ని కులాలవారూ ఒక వరుసలో కూర్చోవటం, ఒకే గరిటెతో అందరికీ వడ్డించటం. అదే కాలంలో కమ్యూనిస్టు కార్యకర్తలు బెజవాడలో కమ్యూన్లు పెట్టుకుని, ఒకే పొయ్యి మీది వంట తిని పనిచేశారు. ఆ భోజనాలలో పచ్చడి గొప్పగా వుండి వుండకపోవచ్చు. కాని డెల్టా చరిత్రలో "అందరిదీ" అన్న మాటకు అర్థం వచ్చిన గరిటెలలో అవి మొదటివి.

తరువాత చట్టం వచ్చింది. 1950 నాటి రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలలోకి, హోటళ్ళలోకి ప్రవేశంలో వివక్షను నిషేధించింది. 1955 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. హోటళ్ళలో ప్రజల వాడకం కోసం వుంచిన పాత్రలను, ఇతర వస్తువులను వాడనివ్వకపోవటం నేరమని ఆ చట్టపు 4వ సెక్షను చెప్పింది. 1976లో ఈ చట్టమే పౌరహక్కుల రక్షణ చట్టమైంది. హోటల్లోకి రానిస్తే చాలదని, బల్ల మీది వస్తువును ముట్టుకునే హక్కు కూడా హక్కేనని చట్టం గుర్తించటం సామాన్యమైన విషయం కాదు. మా నాయనమ్మ గరిటె మీద చెప్పిన తీర్పును ఢిల్లీ పార్లమెంటు కొట్టివేసింది - కనీసం హోటలు వరకు.

కాగితం మీది మాట వూరు చేరటానికి మాత్రం చాలాకాలం పట్టింది. పల్లెల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల తరబడి నడిచింది. చీరాల దగ్గర కారంచేడులో 1985 జులైలో ఆరుగురు దళితులను చంపిన ఘటనకు నాంది, తాగేనీటి చెరువు దగ్గర గేదెను కడగటం మీద వచ్చిన తగాదా. తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపిన ఘటనకు నాంది, సినిమాహాలులో కాలు తగిలిందన్న తగాదా. చెరువు, సినిమాహాలు - రెండూ అందరివీ. అందరిదైన చోట సమానంగా నిలబడినవాణ్ణి సహించలేని మనస్తత్వమే రెండుచోట్లా కత్తి పట్టింది. జాడీ దగ్గర చెంపదెబ్బతో ముగిసింది, అక్కడ ప్రాణాలు తీసింది.

ఇది మన ఒక్క దేశపు జాడ్యమే కాదు. 1963 మే 28న అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ నగరంలో, నల్లజాతి విద్యార్థులూ వారికి తోడు నిలిచిన తెల్లవారూ తెల్లవారికే పరిమితమైన భోజనబల్ల దగ్గర కూర్చున్నారు. వారి మీద విరుచుకుపడిన గుంపు, బల్ల మీద అందరి కోసం వుంచిన టమాటా పులుసు, ఆవముద్ద, పంచదార తీసి వారి నెత్తిన పోసింది. ఆనాటి ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆవముద్ద సీసా అక్కడ అందరికీ కనిపిస్తూనే వున్నది. అందరిదీ మాత్రం కాదు. ఉమ్మడిగా కనిపించే వస్తువు ఎవరి ఉమ్మడి అని అడగటం ఎంత అవసరమో చెప్పటానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ చరిత్రను తెలుసుకుని ఇప్పుడు పాకెట్టు దగ్గరకు వద్దాం.

చిన్న పాకెట్టు వ్యాపారంలో తమిళనాడు కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్‌ను మార్గదర్శిగా చెబుతారు. ధనికుడు వాడేదాన్ని పేదవాడు కూడా కొనగలిగేటట్టు చిన్న మోతాదులలో అమ్మాలన్నది ఆయన ఆలోచన. 1980 ప్రాంతాలలో ఆయన కుమారులు తలంటు షాంపూను పాకెట్లలో అమ్మి ఆ ఆలోచనను దేశమంతటా వ్యాపింపజేశారు. షాంపూ దారినే పచ్చడి వచ్చింది. రూపాయి పాకెట్టు దండలు దండలుగా పల్లెటూరి బడ్డీకొట్టు చూరుకు వేలాడింది.

దీన్ని చూసి పెదవి విరిచే అభ్యుదయవాదులు కొందరున్నారు. నేను వారితో ఏకీభవించలేను. కూలిపనికి పోయే స్త్రీ ఉదయాన్నే బడ్డీకొట్లో రూపాయి పారేసి పాకెట్టు కొనుక్కుని గిన్నెలో పెట్టుకుపోయినప్పుడు, ఆమెకు దక్కింది పచ్చడి ఒక్కటే కాదు. ఆమె ఏ పెరట్లోనూ నిలబడలేదు. "అమ్మగారూ, కాస్త పచ్చడి" అని ఎవరినీ అడగలేదు. పైనుంచి పడే బద్ద కోసం ఆకు పట్టలేదు. ఆమెకు కావలసిన మదుపు రూపాయి. జాడీకి కావలసిన మదుపు ఆమెకు ఏనాడూ లేదు. పాకెట్టు ఆ యాచనను తొలగించింది. మా నాయనమ్మ జాడీని తలచుకుని కన్నీరు పెట్టేవారు, ఆ జాడీ ముందు నిలబడినవారి కన్నీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అయితే, యాచన తొలగటం వేరు, సమానత్వం రావటం వేరు. ఈ తేడాను టీకొట్టు బాగా చూపించింది. రెండు గ్లాసుల పద్ధతికి వ్యతిరేకంగా దళితులు పోరాడారు. కొన్నిచోట్ల కొట్టువాడు ఆ పోరాటానికి ఇచ్చిన జవాబు, అందరికీ ఒకే గ్లాసు కాదు. ప్లాస్టిక్ కప్పు, తరువాత కాగితం కప్పు. తాగి పారేసే కప్పుకు మైల లేదు. కేసు పెట్టటానికి రెండో గ్లాసూ లేదు. గొడవ సద్దుమణిగింది. కాని, దళితుడు తాగిన గాజుగ్లాసును కడిగి, దానిలోనే తాను తాగవలసిన పరీక్షనుంచి పైకులం వాడు తప్పించుకున్నాడు. ప్రశ్నకు జవాబు రాలేదు. ప్రశ్న వేసే సందర్భమే పోయింది.

పాకెట్టు కూడా ఇంతే. అది తడిని జయించింది, మైలను జయించలేదు. మైలతో రాజీపడింది. ఒక్కొక్కడి పచ్చడి ఒక్కొక్కడికి విడివిడిగా మూసి ఇస్తే ఎవడి చెయ్యి ఎవడి గిన్నెలో పడిందన్న మాటే రాదు. పాతకాలపు మడి మనుషులను దూరంగా కూర్చోబెట్టి విడదీసింది; కొత్త వ్యాపారం ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి కూడా విడదీయగలదు. శుభ్రత అనే మాట ఆనాడు మైలకు ముసుగైంది. ఈనాడు అమ్మకానికి ప్రచారమైంది. నిజమైన శుభ్రతకు కావలసినవి పొడిగరిటె, మూత, కడిగిన చేతులు, రోజూ మార్చే గిన్నె. ఇందులో ఏదీ పాకెట్టు అమ్మేవాడికి లాభం తెచ్చేది కాదు.

పాకెట్టు ఖర్చు కూడా చూడాలి. అందులోని పచ్చడి ఒక పూటలో అయిపోతుంది. పైనున్న రేకు మిగులుతుంది. ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలు పొరలుగా అతికిన ఆ రేకును విడదీసి తిరిగి వాడటం కష్టం. ఏరుకునేవాడికి కూడా అందులో డబ్బు రాదు. విజయవాడ నగరం మధ్యగా ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ పారుతున్నవి. డెల్టాను పండించి జాడీలు నింపిన ఆ నీళ్ళలోనే ఈనాడు ఖాళీ పాకెట్లు తేలుతున్నవి. 2022 జులై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ కప్పులు, పళ్ళేలు, చెంచాలు నిషేధించారు. చిన్న పాకెట్టు ఆ జాబితాలో లేదు. కాలవ దిగువన, తూము దగ్గర, ఆ చెత్త ఎత్తే మనిషి ఎవరు? చాలావరకు, ఒకప్పుడు మా వసారా జాడీ దగ్గర ఆకు పట్టినవారి మనవలే. అప్పుడు మన పచ్చడిలో మిగిలింది వారికి. ఇప్పుడు మన పాకెట్టులో మిగిలింది వారికి.

ఐరోపాలో ఈ సమస్య రెండు వైపులనుంచీ తగిలింది. హోటలు బల్ల మీది ఆలివ్ నూనె సీసాలో నాసిరకం నూనె నింపకుండా స్పెయిన్ ప్రభుత్వం 2014నుంచి తిరిగి నింపటానికి వీలులేని సీసాలే వుంచాలన్నది. ఇటీవల ఐరోపా సమాఖ్య చేసిన చట్టం, 2030 జనవరి 1 నుంచి హోటళ్ళలో కూర్చుని తినేవారికి పులుసులు, పంచదార వంటివాటిని ఒక్కొక్కరికి ప్లాస్టిక్ పాకెట్లలో ఇవ్వటాన్ని నిషేధించింది. ఇంటికి పట్టుకుపోయే భోజనానికి, ఆస్పత్రుల వంటి చోట్ల శుభ్రత అవసరానికి మినహాయింపు ఇచ్చింది. ఉమ్మడి సీసాలో మోసం, విడి పాకెట్టులో చెత్త - రెండూ నిజమైన బాధలే. వస్తువును మార్చినంత మాత్రాన పరిష్కారం రాదనీ, తనిఖీ చేసే బాధ్యత సమాజం తీసుకోవాలనీ ఈ అనుభవం చెబుతున్నది.

విడి పొట్లానికి తగిన చోటు లేదని నేననను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు నీట మునిగినప్పుడు, పడవల మీదా డ్రోన్ల మీదా అందిన ఆహారపు పొట్లాలే మేడల మీద చిక్కుకున్నవారి ఆకలి తీర్చినవి. అక్కడ జాడీని గురించి మాట్లాడటం వెర్రితనం. జబ్బుమనిషికీ, ప్రయాణికుడికీ, వరదబాధితుడికీ పొట్లం కావాలి. ఆపద్ధర్మాన్ని నిత్యధర్మం చేయటమే పొరపాటు.

మరి మన నిత్యధర్మం ఏది కావాలి? ఇంటి జాడీ కాదు. దానికి యజమాని వున్నాడు, గడప వున్నది. విడి పాకెట్టు కాదు. దానికి పొరుగువాడు లేడు. మెస్సు బల్ల మీది గిన్నె వీటిలో దేనికీ చెందదు. దానికి కులపు గడప లేదు, పెట్టే దొర లేడు. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చుంటాడు. తన ముందున్న గరిటె అంతకుముందు ఎవరు పట్టుకున్నారో అతడికి తెలియదు, అడగడు. ముప్పాతిక శతాబ్దం కిందట ఇదే నగరంలో ఊహకందని విషయం ఈనాడు ఎవరూ గమనించనంత మామూలైపోయింది. సంస్కర్తల సహపంక్తి, కార్యకర్తల కమ్యూను, 1955 చట్టం, దళితుల పోరాటం - ఇవన్నీ కలిసి ఆ గిన్నెను ఆ బల్ల మీద పెట్టినవి. అది హోటలు యజమాని మనకు చేసిన మర్యాద అనుకోవద్దు.

కాబట్టి కోవిడ్ తర్వాత మా మెస్సులో గిన్నెలు తిరిగి వచ్చిననాడు నేను సంతోషించాను. సంతోషించి, ఒక పని కూడా చేశాను. గరిటె తడిగా వున్నది. వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి, పొడిది తెచ్చిపెట్టమన్నాను. అతడు తెచ్చాడు. "మీరు వేసుకోండి సార్" అన్నాడు. ఆ పూట ఆలస్యమై అతడింకా తినలేదని తెలిసి, "ముందు నువ్వు కూర్చో" అన్నాను. అతడు మొహమాటపడి, నవ్వి, వెళ్ళిపోయాడు. బల్ల మీది గరిటె అందరిదీ అయింది గాని, వడ్డించేవాడు అదే బల్ల దగ్గర కూర్చునే రోజు ఇంకా రాలేదు. ఆ రోజు వచ్చేదాకా పంపకం చరిత్ర ముగిసిందనటానికి వీలులేదు.

జాడీ గొప్పా, పాకెట్టు గొప్పా అని వాదించుకునేవారు ఈసారి ఆ వాదం మొదలుపెట్టే ముందు, గరిటె ఎవరి చేతిలో వున్నదో ఒకసారి చూడాలని నా మనవి.